వ్యాన్‌లో సాకెట్ వదులైతే ఫ్యూజ్ కాపాడదు

ప్రశ్న: మా వ్యాన్‌ను క్యాంపర్‌గా మార్పించుకున్నాం. గతుకుల రోడ్డెక్కితే చాలు, ఫ్రిజ్ ప్లగ్గు 12 వోల్టుల సాకెట్‌లోంచి జారిపోతోంది. ముట్టుకుంటే వేడిగా ఉంటోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ సాకెట్ వాడటం ఆపండి. అది మొదట్లో సిగరెట్ లైటర్ కోసం పుట్టిన సాకెట్. ప్లగ్గును పట్టి ఉంచేది స్ప్రింగుల బిగువు ఒక్కటే. అది సడలితే కాంటాక్ట్ కుదరక అక్కడే వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. కరెంటు పెరగదు కనుక ఫ్యూజ్ పోదు. అసలు ప్రమాదం అదే. 60 వాట్ల ఫ్రిజ్ కంప్రెసర్ తిరిగినంతసేపూ 5 ఆంపియర్లు లాగుతుంది.

ఫ్యూజ్ తీసేసి, ప్లగ్గు పక్కలనున్న రేకులను కాస్త బయటికి వంచి చూడండి. లోపల నల్లబడినా, ప్లాస్టిక్ మెత్తబడినా సాకెట్, ప్లగ్గు రెండూ మార్చాల్సిందే. బిగుతు కోసం వెండి కాగితం మాత్రం దూర్చకండి, షార్ట్ అవుతుంది.

ఫ్రిజ్‌కు శాశ్వత పరిష్కారం ఆండర్సన్ కనెక్టర్. కుదుపులకు ఊడదు. బ్యాటరీ దగ్గర ఫ్యూజ్ పెట్టి, లోడుకూ దూరానికీ తగిన మందం వైరు వేయించండి. పాత సాకెట్‌ను ఫోన్ ఛార్జింగ్‌కైనా సరే, బాగుచేయకుండా వాడొద్దు.