వంగపండు చాయ

పాఠ్యభాగ నేపథ్యం

చెట్టుకు, చేమకు, పక్షికి, పండుకు ఆ రూపం, ఆ రంగు ఎట్లా వచ్చాయో చెప్పే కథలు అన్ని జాతులలోను ఉన్నాయి. నోటినుండి నోటికి సాగివచ్చే ఇట్టి కథను ఐతిహ్యం అంటారు. ఐతిహ్యానికి జనశ్రుతి ఆధారం. చరిత్రకు శాసనం, వ్రాతప్రతి, చిత్రం, శాస్త్రపరీక్ష ఆధారాలు. వంకాయ రంగును గూర్చిన ఈ వ్యాసంలో ఆ రెండింటినీ పక్కపక్కన ఉంచి పరిశీలించడం జరిగింది.

పాఠ్యభాగం

విజయనగరానికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో, నెల్లిమర్ల మండలంలో వెలసిన రామతీర్థం ఉత్తరాంధ్రలో పేరెన్నికగన్న వైష్ణవ క్షేత్రం. సీతారామలక్ష్మణుల విగ్రహాలు ఇక్కడి నీటిలో లభించాయని, అందువల్ల ఊరికి ఆ పేరు వచ్చిందని స్థల ఐతిహ్యం. రాముడు కొలువైన ఈ చోట మహాశివరాత్రి జాతర అత్యంత వైభవంగా జరగడం విశేషం. శివునికి, కేశవునికి భేదమెంచని భక్తి ఇక్కడి సామాన్య జనులది.

తెలుగువారికి సుపరిచితమైన ఒక చాటుపద్యం ఈ సమన్వయాన్నే చమత్కారంగా సాధించింది. లోకంలో సాటిలేనివేవని ప్రశ్నిస్తూ పద్యకర్త సీతాదేవిని, శంకరుని, రావణవైరియైన రాముని ఒకచోట చేర్చాడు. కాని వారందరికంటె ముందుగా, పద్యారంభంలోనే, ఆయన స్మరించినది వంకాయ కూరను! దైవాల సరసన పీట వేయించుకొన్న కూరగాయ మరొకటి మన చాటువులలో కానరాదు. భోజనప్రియుని అతిశయోక్తియే అయినా, కర్త పేరు లేకుండానే ఆ పద్యం ఇంటింటా నిలిచింది.

ఈ మర్యాదను అందరూ ఇవ్వలేదు. రామతీర్థం కొండలపై బౌద్ధ విహారాల శిథిలాలతోపాటు జైన శిల్పాలు కూడా ఉన్నాయి. తూర్పు చాళుక్య ప్రభువైన విమలాదిత్యుని కాలంనాటి (1011-1018) శాసనం ఒకటి, త్రికాలయోగి సిద్ధాంతదేవుడనే జైనాచార్యుడు ఇక్కడి రామకొండకు వందనం చేసినట్లు తెలుపుతున్నది. జైనుల ఆహారనియమాలలో వంకాయ వర్జ్యం. లెక్కలేనన్ని గింజలుండడంచేత అది ‘బహుబీజం’. ఒక్కొక్క గింజ ఒక్కొక్క ప్రాణానికి ఆశ్రయమని వారి భావన. చాటుకవి దేనిని దైవాల పక్కన నిలిపాడో, దానినే ఆ మునులు విస్తరినుండి తొలగించారు. వంకాయను గూర్చిన మాట ఏదైనా ఇట్లాగే ఉంటుంది. మెచ్చేవారు మెచ్చుతారు, విడిచేవారు విడుస్తారు, ఊరకుండేవారు మాత్రం అరుదు.

వంకాయ అన్న మాట ‘వంగ’, ‘కాయ’ అనే పదాల కలయిక. వంగ మొక్క పేరు. ఎరుపు నీలిమల కలయికగా కనిపించే వర్ణానికి ‘వంగపండు రంగు’ అని తెలుగువారు పేరు పెట్టుకొన్నారు. పట్టుచీరల అంగడిలో నేటికీ ఆ మాట చెల్లుబాటులో ఉంది. ఊదా అన్న మాట తరువాత వచ్చి చేరినా, వంగపండు పక్కకు తప్పుకోలేదు. అది ఇంటిపేరుగా కూడా స్థిరపడింది. పార్వతీపురం సమీపంలోని పెదబొండపల్లికి చెందిన జానపద వాగ్గేయకారుడు వంగపండు ప్రసాదరావు (1943-2020) వలన ఆ పేరు తెలుగునాట అంతటా మారుమోగింది.

సంస్కృతంలో వంకాయకు వార్తాకం, వృంతాకం, వాతింగణం మొదలైన పేర్లున్నాయి. వాతింగణం పారశీకంలో ‘బాదింగాన్’ అయింది. అరబ్బీలో ‘అల్ బాదింజాన్’ అయింది. అరబ్బులతో స్పెయిన్ చేరి, అక్కడినుండి ఫ్రెంచివారి నోట ‘ఒబెర్జీన్’గా మారింది. పోర్చుగీసువారి ‘బెరింజెల’ ఓడలలో తిరిగి భారతతీరానికి వచ్చి, ఇక్కడి ఇంగ్లీషులో ‘బ్రింజాల్’గా నిలిచింది. బయలుదేరిన గడ్డకే వేషం మార్చుకొని తిరిగివచ్చిన మాట ఇది. ఇటలీవారు దానిని ‘మెలన్జానా’ అన్నారు. ఆ ధ్వనిలో వారికి ‘పిచ్చి పండు’ అన్న అర్థం వినిపించి, తింటే మతి చలిస్తుందన్న భయం కూడా యూరపులో వ్యాపించింది. మాట తెలియనప్పుడు కథ పుట్టడానికి ఇంతకంటె మంచి నిదర్శనం ఉండదు. ఫ్రెంచి, ఇంగ్లీషు భాషలలో ‘ఒబెర్జీన్’ అన్నది రంగు పేరు కూడా. ఆ వర్ణాన్ని చూచినప్పుడు వారికీ మనకూ గుర్తుకు వచ్చినది ఒకే కాయ.

వంకాయలన్నీ వంగపండు చాయలోనే ఉండవు. తెల్లనివి, లేతాకుపచ్చనివి, ఊదా తెలుపు చారలు గలవి కూడా ఉన్నాయి. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు తన ‘భావప్రకాశం’ అనే వైద్యగ్రంథంలో కోడిగుడ్డును పోలిన తెల్లవంకాయను ప్రత్యేకంగా పేర్కొని, అది మూలవ్యాధికి హితమని వివరించాడు. ఇంగ్లీషులో ఈ మొక్కకు ‘గుడ్డు మొక్క’ అనే అర్థం గల పేరు రావడానికి కారణం కూడా ఇట్టి తెల్లని కాయలే. అట్లయితే ఇన్ని వన్నెలలో ఒక్కటే ‘వంకాయ రంగు’ ఎట్లా అయింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి, ఇట్టి ప్రశ్నే పుట్టిన మరొక దేశాన్ని చూడటం ఉపకరిస్తుంది.

ఆ దేశం నెదర్లాండ్స్. ఉత్తరాంధ్రకు అది పూర్తిగా పరాయిది కాదు. రామతీర్థానికి దక్షిణంగా సముద్రతీరంలో ఉన్న భీమునిపట్నంలో డచ్చివారు 17వ శతాబ్దిలో వర్తకస్థావరం ఏర్పరచుకొన్నారు. 1825లో అది ఆంగ్లేయుల వశమైంది. వారి సమాధులు నేటికీ అక్కడ కనిపిస్తాయి. ఆ డచ్చివారి దేశంలో క్యారట్ రంగును గూర్చి ఒక కథ ప్రచారంలో ఉంది. స్పెయిన్ రాజుపై తిరుగుబాటుకు నాయకత్వం వహించిన ఆరెంజ్ ప్రభువు విలియం (1533-1584) గౌరవార్థం అక్కడి రైతులు నారింజరంగు క్యారట్‌ను సృష్టించారన్నది ఆ కథ. వినడానికి ముచ్చటగా ఉంటుంది. జాతి స్వాతంత్ర్యం, రాజవంశం, రైతుభక్తి మూడూ ఒక దుంపలో ఇమిడిపోయాయి.

ఆధారాల ముందు ఆ కథ నిలవదు. విలియం కాలంనాటి పత్రమేదీ రైతులు అట్టి సంకల్పం చేసినట్లు చెప్పలేదు. మధ్యాసియా ప్రాంతంలో సాగులోకి వచ్చిన తొలి క్యారట్లు ఊదా, పసుపు రంగులవి. అయితే 512 ప్రాంతంలో కాన్‌స్టాంటినోపుల్‌లో సిద్ధమైన డయోస్కోరిడీస్ వైద్యగ్రంథపు వ్రాతప్రతిలోనే నారింజవన్నెకు దగ్గరగా ఉన్న దుంప చిత్రం ఉంది. 600కు పైగా క్యారట్ రకాల జన్యువులను పరిశీలించి 2023లో ప్రకటించిన అధ్యయనం, తెల్ల, పసుపు రకాల కలయికనుండి నారింజరకం వచ్చిందని తేల్చింది. డచ్చి రైతులు చేసినది ఆ రకాన్ని ఏరి, మెరుగుపరచి, స్థిరపరచి, దేశదేశాలకు అందించడం. అది చిన్న పని కాదు. కాని అందులో రాజుగారి ప్రసక్తి లేదు.

‘ఆరెంజ్’ అన్న మాటలో మరొక తమాషా ఉంది. విలియం వంశానికి ఆ పేరు దక్షిణ ఫ్రాన్సులోని ఒక పట్టణంనుండి వచ్చింది. దానికీ పండుకూ పుట్టుకలో సంబంధం లేదు. పండు పేరు మాత్రం మన ‘నారింజ’కు చుట్టమే. సంస్కృత నారంగం పారశీకం, అరబ్బీల మీదుగా ఫ్రెంచిలో ‘ఆరెంజ్’ అయింది. రెండు మాటలు ధ్వనిలో ఒకటి కావడంతో రాజవంశానికి ఆ రంగు గుర్తు అయింది. 1780ల నాటి అంతఃకలహాలలో ఆ రంగుమీద ఎంత పగ పెరిగిందంటే, రాజవంశాన్ని వ్యతిరేకించేవారు అంగడిలో క్యారట్లను దుంపలు కొట్టవచ్చేటట్లు పేర్చడాన్ని కూడా కవ్వింపుగా భావించారు. కూరగాయకు రాజకీయం అంటుకొన్న తరువాత, దాని పుట్టుకకూ రాజకీయ కథ కావలసి వచ్చింది.

డచ్చివారి కథలో రంగు ముందున్నది, కూరగాయ తరువాత వచ్చి దానిని ధరించింది. తెలుగులో కూరగాయ ముందున్నది, రంగు దానినుండి పేరు తెచ్చుకొన్నది. మన వంకాయ ఏ రాజుకూ కప్పం కట్టలేదు. అయినా కథలు దానిని విడువలేదు. బీర్బల్ పేరిట వ్యాప్తిలో ఉన్న కథ అందరూ ఎరిగినదే. పాదుషా వంకాయను మెచ్చుకొన్న నాడు, దాని మేను కృష్ణుని చాయ అనీ, అందుకే దేవుడు తలపై కిరీటం పెట్టాడనీ బీర్బల్ పొగడుతాడు. పాదుషాకు అది వెగటైన నాడు తానూ నిందిస్తాడు. ఇదేమని అడిగితే, తాను ఏలినవారి కొలువులో ఉన్నాను గాని వంకాయ కొలువులో లేనని జవాబిస్తాడు. తొడిమను కిరీటంగా, నల్లని నిగనిగను శ్యామవర్ణంగా చూడగలగడం ఈ దేశపు కల్పనాశక్తికి తగినట్లే ఉంది.

కర్ణాటకలో ఉడుపి సమీపాన మట్టు అనే గ్రామంలో పండే గుండ్రని లేతాకుపచ్చ వంకాయ కథ ఇంకా హృద్యమైనది. వాదిరాజతీర్థులవారు సమర్పించే నైవేద్యంలో కిట్టనివారు విషం కలిపారట. దానిని స్వీకరించిన దేవతామూర్తి నీలవర్ణానికి మారిందట. స్వామి ఇచ్చిన విత్తనాలతో మట్టు రైతులు పండించిన వంకాయలను నివేదించగా ఆ నీలం క్రమంగా తగ్గిందట. ఆ వంకాయకు ‘మట్టు గుళ్ళ’ అని పేరు. 2011లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఊదాచాయ లేని కాయ దేవుని నీలిమను హరించిందని చెప్పడంలోని ఔచిత్యం గమనింపదగినది. ఈ కథకు డచ్చి కథకు లేని ఒక సుగుణం ఉంది. ఇందులో విత్తనం ఎవరిచ్చినా, పండించినవారెవరో కథ మరచిపోలేదు.

ఇక వృక్షశాస్త్రం చెప్పేది సూటిగా ఉంటుంది. వంకాయ తోలులోని ఊదారంగుకు ఆంథోసయనిన్లు అనే వర్ణకాలు కారణం. అవి ఏర్పడడానికి వెలుతురు కావాలి. తొడిమ కింద దాగిన భాగాన్ని ఒలిచి చూస్తే అక్కడ తోలు తెల్లగా ఉంటుంది. ఎండ సోకనిచోట రంగు పుట్టలేదన్నమాట. ఆ వర్ణకం లేని కాయలో పత్రహరితం ఉంటే ఆకుపచ్చగాను, అదీ లేకుంటే తెల్లగాను కనిపిస్తుంది. మనకు పరిచితమైన వంగకు మూలం ముళ్లతో, చేదుతో కూడిన చిన్నకాయల అడవి మొక్క. ముల్లు తగ్గినది, చేదు తగ్గినది, కండ పెరిగినది, కంటికి నచ్చినది ఏరుకొంటూ వందల తరాల రైతులు దానిని పెరటికి మచ్చిక చేశారు. ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన భాగ్యమతి, శ్యామల, గులాబి రకాలు ఈ పరంపరలో ఇటీవలివి. వాటి పేర్లలో రెండింటికి రంగే ఆధారం.

ఊదా ఎందుకు గెలిచిందన్న ప్రశ్నకు ఇక్కడ కొంత సమాధానం దొరుకుతుంది. వంగపూవు ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలిస్తుంది. కాని తుమ్మెదలు తిరుగుతున్నప్పుడు పక్క మొక్క పుప్పొడి కూడా సోకుతుంది. ఊదా, తెలుపు కలిస్తే మొదటి తరంలో సాధారణంగా ఊదాయే పైకి వస్తుంది. అందువల్ల తెల్లవంకాయ తెల్లగా నిలవాలంటే దానికి మనిషి కాపలా కావాలి. ఏటేటా తల్లిమొక్కను గుర్తించి, దూరంగా నాటి, తేడా వచ్చిన మొక్కను పెరికివేసే చేయి ఉండాలి. ప్రతి పంటకూ అంగడినుండి సంకరవిత్తనం కొనే పద్ధతి వచ్చిన తరువాత ఆ చేతికి పని తగ్గింది. సంకరవిత్తనం అధిక దిగుబడినిస్తుందన్నది నిజమే. అయితే దాని కాయనుండి తీసిన గింజ మరుసటి ఏడు అదే గుణాలతో రాదు. గింజ దాచుకొనే అలవాటు పోయిన ఇంట మొదట మాయమయ్యేది ఎవరూ కొనని వన్నెయే.

ఈ చర్చ 2010లో దేశవ్యాప్తమైంది. కొమ్మ, కాయ తొలుచు పురుగును తట్టుకొనే బీటీ వంకాయపై కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాదుతో సహా 7 నగరాలలో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, ఆ ఏడు ఫిబ్రవరి 9న దాని విడుదలను నిలిపివేశారు. పురుగుమందుల వాడకం తగ్గుతుందని అనుకూలురు వాదించారు. వంగ పుట్టిన నేలలో వందలాది దేశీయ రకాల గతి ఏమవుతుందని ప్రతికూలురు ప్రశ్నించారు. బంగ్లాదేశ్ 2013లో అట్టి వంకాయకు అనుమతినిచ్చింది. ఈ రెండు నిర్ణయాలలో ఏది మేలన్నది శాస్త్రజ్ఞులు తేల్చవలసిన విషయం. కాని ‘ఏ వంకాయ?’ అన్న ప్రశ్న నాటి సభలలో వినిపించడం, ఆ మాట వెనుక ఒకే కాయ లేదన్న ఎరుకకు గుర్తు.

విత్తనం కోసం ఉంచిన కాయను రైతు కోయడు. మంచి మొక్కను చూచి, నిండైన కాయకు దారమో గుడ్డపీలికో కట్టి వదలివేస్తాడు. అది మొక్కమీదనే ముదిరి, నిగనిగ పోయి, పసుపు గోధుమ వన్నెలకు తిరిగి మెత్తబడుతుంది. అప్పుడు కోసి, గింజలను నీటిలో కడిగి, బూడిద కలిపి నీడలో ఆరబెడతారు. శాస్త్రరీత్యా పండు అనదగినది అదే. పట్టుచీరకు పేరిచ్చిన చాయ ఇంకా పండని కాయది. అసలైన వంగపండు పసుపుపచ్చన. అది సంతకు రాదు. కూర వండుకొనేవారిలో చాలామంది దానిని చూచి ఉండరు.