తల ఎంత దూరంలో ఆగింది?

వడ్లు ఇంటికి వచ్చే రోజుల్లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దారుల్లో వెళ్లేవారికి ఒక దృశ్యం తరచు కనిపిస్తుంది. రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. దాని మీదికి బండ్లు ఎక్కకుండా అంచు వెంట రాళ్లు పేర్చి ఉంటాయి. కళ్లాలు చాలక రైతు అలా చేస్తాడు, అతన్ని తిట్టి లాభం లేదు. మిగిలిన సగం రోడ్డు మీద ఒక ఎలక్ట్రిక్ స్కూటరు చప్పుడు లేకుండా వస్తుంది. దాని మీద ఇద్దరు బడిపిల్లలు. తలకు ఏమీ లేదు. ఇప్పుడు మనం ఒక చిన్న లెక్క చేద్దాం.

మోటారు శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉన్న చిన్న బండ్లకు మన దేశంలో లైసెన్సు అడగరు. ఆ వేగం చాలా తక్కువని మీకు అనిపించవచ్చు. గంటకు 25 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 7 మీటర్లు. ఎంత ఎత్తు నుంచి పడితే ఈ వేగం వస్తుంది? వేగాన్ని వేగంతో గుణిస్తే 49. దాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపయిన 19.6తో భాగించండి. సరిగ్గా రెండున్నర మీటర్లు వస్తుంది. అంటే ఆ వేగంతో వెళ్లి తల నేరుగా ఒక రాతిని కొడితే, రెండున్నర మీటర్ల గోడ మీది నుంచి తలకిందులుగా పడినట్టే! వేగం రెట్టింపయితే ఎత్తు నాలుగింతలు, అంటే పది మీటర్లు. బండి జారి పక్కకు ఒరిగినప్పుడు తల అంత గట్టిగా తగలకపోవచ్చు. అయినా మనిషి తల రోడ్డుకు మీటరున్నర ఎత్తులో ఉంటుందని మరవకండి.

పడటం వల్ల దెబ్బ తగలదు, ఆగటం వల్ల తగులుతుంది. రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి వచ్చిన తల రాతి మీద అర సెంటీమీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. 250 సెంటీమీటర్లను అరతో భాగిస్తే 500. ఆ క్షణంలో తల మీద పడే బలం దాని బరువుకు సుమారు 500 రెట్లు! మన మెదడు బరువు 1.4 కిలోలు. అది ఒక్క క్షణం 700 కిలోల బరువై పుర్రె గోడకు ఒత్తుకుంటుంది. అదే తల రెండున్నర సెంటీమీటర్లు ప్రయాణించి ఆగితే 250ని 2.5తో భాగించాలి. వంద రెట్లే. బలం అయిదో వంతుకు తగ్గిపోయింది.

హెల్మెట్ చేసే పని ఆ రెండు సెంటీమీటర్లు సంపాదించడమే. పైనున్న గట్టి డిప్ప కన్నా లోపలి థర్మోకోల్ పొరదే అసలు పని. అది నలిగిపోతూ తలను మెల్లగా ఆపుతుంది. ఒకసారి నలిగిన థర్మోకోల్ మళ్లీ ఉబ్బదు. అందుకే గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా పనికిరాదు. పట్టీ బిగించని హెల్మెట్ సంగతి చెప్పనక్కరలేదు, మనకంటే ముందే ఎగిరిపోతుంది.

1935లో ఇంగ్లండులో టి. ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ సైనికాధికారి మోటారుసైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మరణించాడు. అతన్ని చూసిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఒకడు. ఆయన ఆ తర్వాత మోటారుసైకిలు ప్రమాదాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో ప్రకటించాడు. నలిగే పొర ఉన్న హెల్మెట్‌కు 1953లో అమెరికాలో లొంబార్డ్, రోత్ అనేవారు పేటెంటు పొందారు. అనేక పరిశోధనలను కలిపి చూసి 2008లో వెలువరించిన సమీక్ష ప్రకారం, మోటారుసైకిలు నడిపేవారిలో హెల్మెట్ తల గాయాలను 69 శాతం, మరణాలను 42 శాతం తగ్గిస్తుంది.

ఎలక్ట్రిక్ బండికి తనవైన చిక్కులు కొన్ని ఉన్నాయి. పెట్రోలు ఇంజను వేగం పుంజుకున్నాక బలం చూపిస్తే, విద్యుత్ మోటారు నిలబడి ఉండగానే పూర్తి బలంతో తిప్పుతుంది. చప్పుడు లేదు కాబట్టి బండి ఆన్‌లో ఉన్నదీ లేనిదీ తెలియదు. ముందు నిలబడ్డ పిల్లవాడు సరదాగా పిడి తిప్పితే చాలు, ముందుకు ఉరుకుతుంది. చక్రం చిన్నదైతే పెద్ద చక్రం దాటిపోయే గుంతలో కూడా దిగబడుతుంది. బండి ఆగుతుంది, మనిషి జడత్వం కొద్దీ హ్యాండిలు మీదుగా పోతాడు. రోడ్డు మీద చెదిరిన వడ్ల గింజలు బాల్ బేరింగుల్లా టైరును జార్చేస్తాయి.

హ్యాండిలు మీదుగా పోయేవాడికి ముందుగా ఏది తగులుతుంది? గడ్డం, పెదవి, పై పళ్లు. సగం హెల్మెట్ వీటిని కాపాడలేదు, గడ్డం కూడా కప్పే నిండు హెల్మెట్ కావాలి. గడ్డానికి తగిలిన దెబ్బ చెవి ముందరి దవడ కీలు దాకా పోయి అక్కడ ఎముకను విరచగలదు. నోరు సరిగా తెరుచుకోకపోయినా, పళ్లు ఎప్పటిలా కలవకపోయినా అనుమానించాలి.

తల దెబ్బ తిన్నవాడు లేచి మాట్లాడినంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. కణత దగ్గర ఎముక పలచన. దాని లోపలి రక్తనాళం తెగితే రక్తం కొద్దికొద్దిగా చేరి, కొన్ని గంటల తర్వాత మెదడును నొక్కవచ్చు. వాంతులు, మత్తు, పొంతన లేని మాటలు, ఒక కంటిపాప పెద్దది కావడం, చెవి నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తమో నీరో కారడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోను చేయాలి. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి.

ఇక ఊడిన పన్ను. చాలామంది దాన్ని పారేస్తారు. కానీ అది ఇంకా బతికే ఉంది! వేరు చుట్టూ, దాన్ని దవడ ఎముకకు పట్టి ఉంచిన సన్నని పొర ఉంటుంది. ఆ పొరలోని కణాలు చావకముందే తిరిగి పెడితే పన్ను అతుక్కోగలదు. వేరును ముట్టకుండా తెల్లటి భాగాన్నే పట్టుకోండి. మట్టి అంటితే పాలతోనో చల్లని నీటితోనో క్షణంసేపు కడగండి, రుద్దవద్దు. గాయపడినవాడు తెలివిలో ఉంటే ఆ గుంటలోనే పెట్టి, చేతిరుమాలు కొరికి పట్టుకోమనండి. అది కుదరకపోతే చల్లని పాలలో వేయండి. నీళ్లలో ఉంచకూడదు. ద్రవాభిసరణం వల్ల నీరు కణాల్లోకి చొరబడి వాటిని పగలగొడుతుంది. పాలలోని లవణాల గాఢత కణాలకు సరిపోతుంది కాబట్టి అవి కొన్ని గంటలు నిలుస్తాయి. పొడిగా వదిలేస్తే గంటలోపే చచ్చిపోతాయి. కనుక దారిలో మొదట కనిపించిన టీకొట్టులో గ్లాసెడు చల్లని పాలు అడిగి, పన్నుతో సహా పళ్ల డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి పెట్టరు, కింద పెరుగుతున్న అసలు పన్ను దెబ్బతింటుంది. ఏది పాలపన్నో తెలియకపోతే, అదీ పాలలోనే వేసి తీసుకుపోండి. డాక్టరు చూసి చెబుతాడు.