లినక్స్ ఐఎస్ఓ డౌన్‌లోడ్ చేశారా? పెన్‌డ్రైవ్‌లో వేసే ముందు ఇది చూడండి

మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేద్దామని కూర్చుంటే, ఇన్‌స్టాలేషన్ సగంలో ఆగిపోయింది. అప్పటికే విండోస్ పార్టిషన్ చెరిపేశాను. వాడి ఫోటోలు బ్యాకప్‌లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాను! డౌన్‌లోడ్‌లోనే ఐఎస్ఓ పాడైంది, నేను చెక్ చేయలేదు.

ఐఎస్ఓతో పాటు ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ ఫైల్ కూడా ఇస్తారు. అందులో మీ ఐఎస్ఓ పేరు పక్కన 64 అక్షరాలు, అంకెల వరుస ఉంటుంది. విండోస్‌లో అయితే పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ ఇవ్వండి. వచ్చిన వరుసలో ఒక్క అక్షరం తేడా ఉన్నా మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందే (క్యాపిటల్, స్మాల్ తేడా పట్టించుకోకండి).

అయితే ఇదొక్కటే చాలదు. 2016 ఫిబ్రవరి 20న హ్యాకర్లు లినక్స్ మింట్ వెబ్‌సైట్‌లోకే దూరి, 17.3 సినమన్ డౌన్‌లోడ్ లింకును బ్యాక్‌డోర్ పెట్టిన ఐఎస్ఓకి మళ్లించారు. సైట్‌లోకి దూరినవాడికి అక్కడి చెక్‌సమ్ మార్చడం ఎంత పని? అందుకే చెక్‌సమ్ ఫైల్‌కి డెవలపర్లు జీపీజీ సంతకం పెడతారు. దాన్ని వాళ్ల పబ్లిక్ కీతో సరిచూడాలి. ఆ కీ ఫింగర్‌ప్రింట్‌ని మాత్రం డౌన్‌లోడ్ పేజీలోనే కాకుండా ఇంకోచోట కూడా పోల్చుకోండి.

టొరెంట్‌లో దించితే ముక్కముక్కకీ హ్యాష్ అదే చూసుకుంటుంది, పాడైన ఫైల్ బెడద ఉండదు. టొరెంట్ ఫైలే నకిలీదైతే అదేమీ చేయలేదు.