ల్యాబు రిపోర్టు వచ్చేలోగా

మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఆపరేటర్‌గా చేరేవాళ్లు, ఐటీఐ చదివినా, డిప్లొమా చేసినా, బీఎస్సీ కెమిస్ట్రీ అయినా, ముందు ఒక లెక్క బుర్రకెక్కించుకోవాలి. మన దగ్గర బీఓడీ (నీటిలోని సేంద్రియ కాలుష్యాన్ని కొలిచే) పరీక్షకు సీసాను 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచుతారు. హైదరాబాద్ అంబర్‌పేట ఎస్టీపీ సామర్థ్యం 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అంత పెద్ద ప్లాంటు నిండుగా నడుస్తుంటే, ఫలితం చేతికందేసరికి వంద కోట్ల లీటర్లకు పైగా నీరు మూసీలో కలిసిపోతుంది. కింద ఆ నీటితోనే వరి, పశువుల గడ్డి పండించే ఊళ్లున్నాయి. ఆ తర్వాత వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలుస్తుంది. అందుకని మీ షిఫ్టులో మీరు ఏం చూశారు, అప్పటికప్పుడు ఏం చేశారన్నదే నదికి లెక్క.

అంబర్‌పేటలో వాడిన యూఏఎస్‌బీ పద్ధతిలో గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పనిచేస్తాయి. కొత్త ప్లాంట్లలో ఎక్కువగా కనిపించే ఎస్‌బీఆర్‌లో ఒకే ట్యాంకులో దశలవారీగా శుద్ధి జరుగుతుంది, ఒక దశలో బ్లోయర్లతో గాలి కొట్టాలి. కొత్తగా చేరేవాళ్లకు ఎక్కువగా తగిలేది ఇదే కాబట్టి దీని గురించే చెబుతాను.

మీ చేతిలో ఉన్న అన్నిటికన్నా చవకైన పరికరం లీటరు కొలజాడీ. గాలి కొట్టే దశ చివర్లో ట్యాంకు నీళ్లు పట్టి, అరగంట కదపకుండా ఉంచి, స్లడ్జ్ (సూక్ష్మజీవుల బురద) ఎన్ని మిల్లీలీటర్ల దగ్గర కూర్చుందో రాయండి. ఆరోగ్యంగా ఉన్న స్లడ్జ్ గోధుమ రంగులో ఉంటుంది, తొలకరికి తడిసిన నేల వాసన వేస్తుంది. నల్లబడి కుళ్లు కంపు కొడితే గాలి చాలడం లేదు: డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) చూడండి, లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర ఉండాలి.

కూర్చునే మట్టం రోజురోజుకూ పెరుగుతుంటే కంగారుపడి స్లడ్జ్ తోడేయకండి. శుద్ధయిన నీటితో సగానికి సగం పలుచన చేసి మళ్లీ పరీక్షించండి. అప్పుడు చక్కగా దిగితే స్లడ్జ్ ఎక్కువైనట్టు, కొంచెం కొంచెంగా తీయాలి. అప్పటికీ దిగకపోతే దారాల్లాంటి బ్యాక్టీరియా పెరిగి ఉండొచ్చు, ఇంజనీరుకు చెప్పండి. ఈ చిన్న కిటుకు తెలియకే చాలాచోట్ల మంచి స్లడ్జ్‌ను వృథాగా పారబోస్తుంటారు.

ఇక లాగ్‌బుక్. రాత్రంతా ప్రతి గంటకూ డీవో సరిగ్గా 2.0 అని ఉన్న పుస్తకాన్ని అనుభవమున్న ఏ ఇంజనీరూ నమ్మడు. కరెంటు పోతే పోయిందనే రాయండి, ఎంతసేపో రాయండి. రాత్రిపూట మ్యాన్‌హోళ్లలో రసాయన వ్యర్థాలు గుమ్మరించే ట్యాంకర్ల బెడద హైదరాబాద్‌కు పాతదే. ఇన్‌లెట్‌లో రంగు మారినా, పీహెచ్ ఒక్కసారిగా పడినా, ఒక సీసా పట్టి, టైము రాసి, ఫ్రిజ్‌లో పెట్టి, పైవాళ్లకు ఫోన్ చేయండి. ఆ సీసా లేకపోతే మర్నాడు తప్పు మీ షిఫ్టు మీద పడుతుంది.

వెట్‌వెల్ (పంపుల ముందు మురుగునీరు చేరే బావి) దగ్గర మాత్రం ముక్కును నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. 100 పీపీఎం దాటేసరికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు, ప్రమాదమేమో పెరిగిపోతుంది. గ్యాస్ డిటెక్టర్, గాలి పంపే బ్లోయర్, హార్నెస్, పైన కాపలా మనిషి లేకుండా దిగమంటే దిగనని చెప్పండి. మాన్యువల్ స్కావెంజింగ్‌ను నిషేధించిన 2013 చట్టం మీ వైపుంది. లోపల ఎవరైనా పడిపోతే కాపాడదామని వెంటనే దూకకండి. రెండో ప్రాణం అలాగే పోతుంది. హెపటైటిస్, టైఫాయిడ్, ధనుర్వాతం టీకాల గురించి చేరే రోజే అడగండి.

చాలా ప్లాంట్లు కాంట్రాక్టరు చేతిలో నడుస్తాయి. నెలనెలా జీతం స్లిప్పు తీసుకోండి, పీఎఫ్, ఈఎస్ఐ కడుతున్నారో లేదో ఫోన్లో చూసుకోండి. కాంట్రాక్టరు మారినా మీ పీఎఫ్ నంబరు (యూఏఎన్) పాతదే కొనసాగించమనండి. అనుభవ పత్రంలో ప్లాంటు ఎన్ని ఎంఎల్‌డీ, ఏ పద్ధతి, ల్యాబు పని చేశారా లేదా అన్నవి రాయించుకోండి. తర్వాతివాళ్లు ముందుగా అడిగేవి అవే.