ఆట మధ్యలో కొయ్యబారిన కంప్యూటర్

పిల్లలూ, ముందుగా మాటల సంగతి చూద్దాం. కంప్యూటర్ "ఫ్రీజ్" అయిందనడానికి తెలుగులో ఏమంటారని అడిగితే మీలో చాలామంది "గడ్డకట్టింది" అంటారు. గడ్డకట్టేవి నీళ్లు, నెయ్యి. భయంతో మనిషి కదలకుండా నిలబడిపోతే "కొయ్యబారిపోయాడు" అంటాం. నడవనని ఎద్దు మొండికేస్తే "మొరాయించింది" అంటాం. కాబట్టి స్విచ్ నొక్కినా లేవని కంప్యూటర్ మొరాయించినట్టు. బొమ్మ ఈడ్చుకుంటూ కదిలితే నత్తనడక. తెర ఉన్నది ఉన్నట్టు ఆగిపోయి, మౌస్ కదలక, ఆఖరి శబ్దమే "బర్ర్ర్" మని మోగుతూ ఉంటే కొయ్యబారినట్టు. కారణం వెతికేటప్పుడు ఈ తేడాలు పనికొస్తాయి.

మా ఇంట్లో డెస్క్‌టాప్ ఒక్కటే. అమ్మాయి హోంవర్కు, ఇండియాలో తాతయ్యతో వీడియో మాటలు, పదేళ్ల ఫొటోలు, అబ్బాయి ఆటలు అన్నీ అందులోనే. పోయిన శీతాకాలం అది ఆట మధ్యలో కొయ్యబారడం మొదలుపెట్టింది. "నువ్వే ఏదో చెత్త డౌన్‌లోడ్ చేసుంటావు" అని అబ్బాయిని కోప్పడ్డాం. వాడు కాదన్నాడు. మేము నమ్మలేదు. ఆట తీసేశాం, గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేశాం, లోపల ఏముందో చూద్దామని పెట్టె పక్క మూత కూడా విప్పాం. వాడు బతిమాలితే ఆట మళ్లీ ఎక్కించాం. రెండు రోజులు బ్రహ్మాండంగా నడిచింది. డ్రైవర్‌దే తప్పని తీర్మానించి మూత బిగించేశాం. మూడోరోజు మళ్లీ అదే కథ.

మేము చేసిన పొరపాటు గమనించారా? మూడు పనులు ఒకేసారి చేశాం. అందులో ఏది పనిచేసిందో మాకు తెలియలేదు. మూత తీసి ఉంచడం వల్లే చల్లగా నడిచిందన్న అనుమానం అప్పుడు రానేలేదు.

ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాం. మొదటి పని ఫొటోలన్నీ బయటి డిస్క్‌లోకి కాపీ చేయడం. కొయ్యబారినప్పుడల్లా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేస్తుంటే ఏదో ఒకనాడు ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. తరువాత అబ్బాయికి ఒక నోటుబుక్కు ఇచ్చాం. ఏ ఆట, ఎన్ని నిమిషాలకు ఆగింది, శబ్దం వచ్చిందా, క్యాప్స్ లాక్ దీపం మారిందా, అన్నీ తెలుగులో రాయాలి. తెలుగు బడి హోంవర్కు కింద లెక్కేస్తామంటే ఒప్పుకున్నాడు.

క్యాప్స్ లాక్ దీపం ఎందుకంటే, తెర ఆగిపోయాక ఆ మీట నొక్కినప్పుడు కీబోర్డు మీది దీపం వెలిగి ఆరుతుంటే కంప్యూటర్‌కు ఇంకా ఊపిరి ఉందన్నమాట. ఇరుక్కున్నది ఆట ఒక్కటే కావచ్చు. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కి ఆటను మూసెయ్యవచ్చు. దీపం మారకపోతే మొత్తం యంత్రమే కొయ్యబారి ఉండవచ్చు. తెర ఒక్క క్షణం నల్లబడి తిరిగి వస్తే అది వేరే సంగతి. గ్రాఫిక్స్ చిప్పు 2 సెకన్లపాటు బదులివ్వకపోతే విండోస్ దాన్ని తిరిగి లేపుతుంది. అప్పుడు డ్రైవర్‌నూ కార్డునూ అనుమానించాలి. పెట్టె మొత్తం టక్కున ఆరిపోతే పవర్ సప్లైనీ, మితిమీరిన వేడినీ ముందు చూడాలి.

వారం తరువాత నోటుబుక్కు చూశాం. పొద్దున్నే ఆడితే 25 నిమిషాలకు ఆగింది. రీస్టార్ట్ చేసిన వెంటనే ఆడితే 6 నిమిషాలకే. హోంవర్కు రాస్తే రోజంతా ఆగలేదు. దీపం ఒక్కసారీ మారలేదు. అంటే చల్లారిన కంప్యూటర్ ఎక్కువసేపు నడుస్తోంది, వేడెక్కినది తొందరగా ఆగుతోంది.

ఆటలకీ వేడికీ సంబంధం ఏమిటి? హోంవర్కు రాస్తున్నంతసేపు 50, 60 వాట్లతో సరిపెట్టుకునే పెట్టె పెద్ద ఆట మొదలవగానే 300 వాట్లు దాటవచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి కష్టపడతాయి. ఆ కరెంటంతా చివరికి వేడే అవుతుంది. పాతకాలపు 60 వాట్ల బల్బులు ఐదు వెలిగించి డబ్బాలో పెట్టి మూత వేస్తే ఎలా ఉంటుందో ఊహించండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ పేజీలో చాలా గ్రాఫిక్స్ కార్డుల వేడి కనబడుతుంది. మాది 86 డిగ్రీల సెల్సియస్ దాకా పాకింది. అది చిప్పు వేడి మాత్రమే. కార్డు మీద ఉండే మెమరీ వేడి అక్కడ కనబడదు.

మూత విప్పి చూస్తే కార్డు ఫ్యాన్లు రెండూ తిరగడం లేదు. దొంగ దొరికాడనుకున్నాం. కాదు. పని తక్కువగా ఉన్నప్పుడు ఫ్యాన్లు ఆగి ఉండేలా చాలా కార్డులను తయారుచేస్తారు. ఆట పెట్టి మళ్లీ చూశాం. ఒకటి తిరిగింది. రెండోది తిరగలేదు. టార్చిలైటు వేసి వంగి చూస్తే సన్నని డిస్క్ తీగ ఒకటి దాని రెక్కకు ఆనుకుని ఉంది. దీపావళి సెలవుల్లో రెండో డిస్క్ బిగించింది ఎవరు? మేమే. తీగను కట్టకుండా వదిలేసిందీ మేమే.

ఆ తీగను పక్కకు లాగి ప్లాస్టిక్ పట్టీతో కట్టాం. దుమ్ము జోలికి ఆరోజు పోలేదు. ఒకసారికి ఒకే మార్పు. అదే ఆట, గంటన్నర, మూత వేసే ఉంచాం. 74 డిగ్రీల దగ్గర నిలబడింది.

దుమ్ము మరుసటి వారం దులిపాం. మాది వంటింటి పక్క గది, తాలింపు ఆవిరితో దుమ్ము జిడ్డుగా అతుక్కుని ఉంది. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి, పెట్టె ఇనుప భాగాన్ని ముట్టుకున్న తరువాతే చెయ్యి లోపల పెట్టాలి. గాలి డబ్బాను నిలువుగా పట్టుకుని కొద్దికొద్దిగా ఊదాలి. ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఊదాలి, లేకపోతే అది అతివేగంగా తిరిగి పాడవుతుంది. వాక్యూమ్ క్లీనర్ వద్దు, దానివల్ల స్టాటిక్ కరెంటు పుట్టవచ్చు. పవర్ సప్లై డబ్బాను మాత్రం పెద్దవాళ్లు కూడా విప్పకూడదు. ప్లగ్ పీకిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవ ఉండవచ్చు.

మీ ఇంట్లో వేడి మామూలుగానే ఉండి కూడా ఆగిపోతుంటే మెమరీని పరీక్షించండి. స్టార్ట్ దగ్గర "విండోస్ మెమరీ డయాగ్నస్టిక్" అని ఇంగ్లీషులో టైపు చేస్తే ఆ పరీక్ష దొరుకుతుంది. తప్పు చూపిస్తే మెమరీ పలకలను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని ఎర్రగా కనబడితే కంగారుపడి పవర్ సప్లై కొనెయ్యకండి. కంప్యూటర్‌ను సరిగా షట్‌డౌన్ చేయలేదని మాత్రమే దాని అర్థం. బటన్ నొక్కి ఆపింది మనమైనా అదే రాస్తుంది.

అబ్బాయికి సారీ చెప్పాం. వాడు నోటుబుక్కు తెచ్చి చివరి పేజీ చూపించాడు. "కారణం" అన్నచోట "నాన్న కట్టని తీగ" అని రాసుంది. అక్షరదోషాలు లేవు. దిద్దడానికి ఏమీ దొరకలేదు.