అంతర్జాలంలో అంగడి

అంగడికి వచ్చిన వారిని ఆదరించడం వర్తకుని ప్రథమ ధర్మం. అంతర్జాలంలోని అంగడికీ ఈ నియమం వర్తిస్తుంది. 1991లో టిమ్ బెర్నర్స్-లీ తొలి వెబ్‌సైటును లోకానికి అందించాడు. నేడు చిరువ్యాపారి సైతం తన సరుకును దేశదేశాల వారికి చూపగలుగుతున్నాడు. అయితే చూడవచ్చిన వారు నిలవకుంటే ప్రయోజనం శూన్యం.

కొండపల్లి బొమ్మల విక్రేతను ఉదాహరణగా తీసుకుందాం. పుట తెరుచుకోవడంలో జాప్యం జరిగితే వీక్షకుడు మరలిపోతాడు. కనుక చిత్రాల ఫైళ్ల పరిమాణాన్ని తగ్గించాలి. సెల్‌ఫోన్ తెరపైనా అక్షరాలు స్పష్టంగా కనబడాలి. ధర, కొలతలు, చిరునామా వెదకకుండానే దొరకాలి. తమంతట తామే మోగే పాటలు, కదలాడే ప్రకటనలు విసుగు పుట్టిస్తాయి.

తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన మక్కుతో అవయవాలను అతికించి, రంగులద్దే విధానాన్ని చిత్రాలతో వివరిస్తే వీక్షకుడు ఆసక్తితో నిలుస్తాడు. యంత్రంతో చేసిన చౌక బొమ్మకూ, చేతిపనికీ గల భేదాన్ని గ్రహిస్తాడు. అప్పుడే తగిన వెల చెల్లించడానికి సమ్మతిస్తాడు. కళాకారుని కుటుంబానికి ఆ వెలయే జీవనాధారం. కావున వెబ్‌సైటును రూపొందించేవారు ఆర్భాటం కన్నా సత్యమైన సమాచారానికే ప్రాధాన్యమివ్వాలి.