తప్పు మనిషిదా? ఫారానిదా?

స్క్రూగేజి చేతికివ్వగానే మా మాస్టారు చెప్పే మొదటి మాట "శూన్యాంశ దోషం చూసుకోండి" అని. రీడింగు తప్పు వస్తే ముందు పరికరాన్ని అనుమానించాలి, తర్వాతే మనిషిని. సర్కారువారి ఆన్‌లైన్ సేవలకు ఈ సూత్రం వర్తించదా అన్నదే నా ప్రశ్న.

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా బాపు భూమి వివరాలు చూద్దామని ఫోను ముందు కూర్చున్నాడు. పాసుబుక్కులో సర్వే నంబరు 112/ఆ అని ఉంది. ఆయన అట్లనే తెలుగులో కొట్టాడు. "ఇన్‌వాలిడ్ ఇన్‌పుట్" అని ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. రెండోసారీ అంతే. బాపు ముఖం వాడిపోయింది. "మన భూమి రికార్డుల్ల లేదారా?" అన్నాడు. మర్నాడు పొలం పని మానుకొని, బస్సెక్కి మండలానికి పోయి వచ్చాడు. భూమి రికార్డులో ఉంది. ఆ గడి మాత్రం ఇంగ్లీషు అక్షరాన్నే తీసుకుంటుంది, అంతే!

ఇలాంటి లోపాలను ముందే పట్టే పద్ధతి పేరు యూజబిలిటీ టెస్టింగ్. 'వాడి చూసే పరీక్ష' అనుకుందాం. యూజబిలిటీ అంటే ఏమిటో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐ.ఎస్.ఓ. 9241-11. 1998లో వచ్చి 2018లో సవరణ పొందింది. అది చూడమనేవి మూడు: పని పూర్తయిందా, ఎంత శ్రమతో అయింది, మనిషికి తృప్తి కలిగిందా.

పద్ధతి సులువే. నిజంగా ఆ సేవ అవసరమైన మనిషిని కూర్చోబెట్టాలి. ఒక పని అప్పగించాలి. మనసులో అనుకునేది పైకి చెప్పమనాలి. మనం నోరు మూసుకుని, ఎక్కడ ఆగాడో రాసుకోవాలి.

ఎంతమంది కావాలి? నీల్సన్, లాండవర్ 1993లో ఒక లెక్క చూపారు. ఒక్క మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడితే, దొరకకుండా మిగిలేది 0.69 వంతు. ఇద్దరైతే 0.69 × 0.69. ఈ లెక్కన ఇద్దరితో 52, ముగ్గురితో 67, ఐదుగురితో 84 శాతం లోపాలు దొరుకుతాయి. ఈ 31 వారు చూసిన ప్రాజెక్టుల సగటే గాని ప్రకృతి నియమం కాదు. అందుకే 15 మందితో ఒకేసారి కన్నా, ఐదుగురితో చూసి, దిద్ది, మళ్లీ చూడటం మేలని నీల్సన్ 2000లో రాశారు. రైతు, విద్యార్థి, చూపులేనివారు - ఒక్కొక్క తరగతికి వేరే పరీక్ష కావాలి.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు మార్గదర్శకాలు 2009లోనే వెలువడ్డాయి. కాగితం మీద సూత్రం ఉండటం వేరు, మా బాపు పక్కన కూర్చుని చూడటం వేరు.

ఉగాదికి మా అమ్మతో నేనే ఈ పరీక్ష చేశాను. ఓటీపీ చూడటానికి మెసేజీల్లోకి పోయి వచ్చేసరికి నింపిన ఫారమంతా ఖాళీ. చెయ్యి అడ్డం పెట్టకుండా ఉండటానికి నాకు ప్రాణం మీదికొచ్చింది! రెండు లోపాలూ రాసి పంపాను, జవాబింకా రాలేదు.

మిత్రులారా, ఈ వేసవిలో మీ ఇంట్లో ఒక్కరి పక్కన కూర్చోండి. ఫోను లాక్కుని మీరే నింపకండి. వాళ్లెక్కడ ఆగారో రాసి పంపండి.